ఓసీ రాకముందే కొత్త ఫ్లాటు తాళాలు తీసుకోవచ్చా?

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను, ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి. భార్యాభర్తలిద్దరూ గచ్చిబౌలిలో ఉద్యోగాలు చేస్తూ, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కొల్లూరు వైపు 1,480 చదరపు అడుగుల మూడు పడగ్గదుల కొత్త ఫ్లాటును 88 లక్షలకు తీసుకున్నారు. ఇది మీ మొదటి ఇల్లు. బ్యాంకు రుణం 66 లక్షలు. ఇప్పటికి 85 శాతం సొమ్ము చెల్లించారు. ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ‘ప్రాసెస్‌లో ఉంది’ అంటున్న బిల్డరు ఆఫీసు వారు, మిగిలిన 15 శాతం కట్టి, రిజిస్ట్రేషన్ చేయించుకుని తాళాలు తీసుకోమంటున్నారు. పెద్దవాళ్ళు శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం కూడా చూశారు. 26 వేల అద్దె ఒకవైపు, బ్యాంకు వాయిదా మరోవైపు మోయలేక మీకూ త్వరగా మారిపోవాలని ఉంది. మారవచ్చా అన్నది ప్రశ్న.

మారకండి. ఓసీ నకలు చేతికి రాకుండా తాళాలు తీసుకోవద్దు, ఇల్లు తనిఖీ చేయించి లోపాల జాబితా మీద బిల్డరు తరఫు సంతకం పడకుండా చివరి విడత వదలొద్దు, ఈ రెండూ అయ్యాకే ముహూర్తం పెట్టించండి. మీరు ముహూర్తం ముందు ఖాయం చేసి మిగతావన్నీ దాని వెనక నడిపిస్తున్నారు. నాకు కనిపిస్తున్న ఇబ్బంది అంతా అక్కడే ఉంది.

నేను సివిల్ ఇంజినీరును. పదకొండేళ్ళు సైట్ ఇంజినీరుగా పనిచేసి, ఆ తరువాత పన్నెండేళ్ళుగా కొనేవాళ్ళ తరఫున ఇళ్ళు తనిఖీ చేస్తున్నాను. తాళాలు ఇచ్చే పక్షానా, పుచ్చుకునే పక్షానా నిలబడ్డవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: ముహూర్తం తేదీ తెలిసిన కొనుగోలుదారు అంటే సైట్ ఆఫీసుకు చాలా సులువైన మనిషి. ఆ తేదీకి వారం ముందు ఏ కాగితం పెట్టినా సంతకం చేస్తారని అక్కడ అందరికీ తెలుసు. చెమ్మ మరక మీద పుట్టీ పెట్టించి, పైన రంగు కొట్టించి, మరుసటి రోజు తాళాలు ఇప్పించిన పని ఉద్యోగంలో ఉండగా నేనూ చేశాను. దాచుకోవడంలో అర్థం లేదు.

ఇక కారణాలు. ఓసీ అనేది, మంజూరైన ప్లాను ప్రకారమే కట్టారని, మనుషులు ఉండటానికి భవనం తగినదని అనుమతి ఇచ్చిన సంస్థ, అంటే మున్సిపాలిటీ లేదా హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ), చూసి ఇచ్చే పత్రం. దాన్ని తెచ్చే బాధ్యత బిల్డరుదేనని 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం చెబుతుంది. అదే చట్టంలో కొనుగోలుదారు మీద కూడా ఒక బాధ్యత ఉంది: ఓసీ వచ్చిన తరువాత రెండు నెలల్లో ఇల్లు స్వాధీనం చేసుకోవాలి. గమనించండి, గడియారం ఓసీతో మొదలవుతుంది తప్ప ‘మీ ఫ్లాటు సిద్ధం’ అని ఫోనుకు వచ్చిన సందేశంతో కాదు. కాబట్టి ‘మీరు తాళాలు తీసుకోకపోతే ఈ నెల నుంచే మెయింటెనెన్స్ వేస్తాం’ అని ఎవరైనా అంటే, ఓసీ తేదీ ఏమిటని మెయిల్‌లో అడగండి.

‘ప్రాసెస్‌లో ఉంది’ అన్న మాటకు నా అనుభవంలో మూడు అర్థాలున్నాయి. దరఖాస్తు పెట్టారు, పరిశీలన నడుస్తోంది అన్నది మొదటిది. పెట్టారు, లోపాలున్నాయని వెనక్కి వచ్చింది అన్నది రెండోది. అసలు పెట్టనే లేదు అన్నది మూడోది. వీటిలో మీది ఏదో తెలియాలంటే దరఖాస్తు సంఖ్య, తేదీ, దాని రసీదు ప్రతి అడగాలి. మొదటి రకమైతే ఆ రోజే పంపిస్తారు. వెనక్కి రావడానికి తరచుగా కనిపించే కారణాలు: ప్లానులో లేని గదులు పైన వేయడం, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలంలోకి బాల్కనీలు జరపడం, ఎత్తైన భవనాలకు అగ్నిమాపక శాఖ పత్రం రాకపోవడం. ఇవి రెండు నెలల్లో తేలవచ్చు, రెండేళ్ళూ పట్టవచ్చు. అంతవరకూ రెగ్యులర్ నీటి, కరెంటు కనెక్షన్లకు తిప్పలు తప్పవు. రేపు మీరు అమ్మాలనుకుంటే కొనేవారి బ్యాంకు మొదట అడిగేదీ ఓసీనే.

మరో సంగతి చాలామందికి తెలియదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 భవన నిబంధనల ప్రకారం, ఇలాంటి అపార్టుమెంట్లలో మొత్తం కట్టడంలో 10 శాతాన్ని బిల్డరు స్థానిక సంస్థకు పూచీగా తనఖా పెట్టాలి. సాధారణంగా అది కింది అంతస్తుల్లో ఉంటుంది. ప్లానుకు భిన్నంగా కట్టలేదని తేలి ఓసీ వచ్చాకే దాన్ని విడుదల చేస్తారు. నిజాంపేట వైపు ఒక జంట మొదటి అంతస్తు ఫ్లాటు తీసుకున్నారు. పై అంతస్తులకన్నా కాస్త తక్కువకే వచ్చిందని సంతోషించారు కూడా. రిజిస్ట్రేషన్‌కు వెళితే వారి ఫ్లాటు నంబరు తనఖా జాబితాలో ఉందని తేలింది. ఓసీ వచ్చే దాకా, అంటే పద్నాలుగు నెలలు, ఆ ఇంటికి వడ్డీ కట్టుకుంటూ అద్దె ఇంట్లోనే ఉన్నారు. మీది ఏ అంతస్తో మీరు రాయలేదు. కింది అంతస్తుల్లోదైతే మంజూరు పత్రంలో తనఖా పెట్టిన ఫ్లాట్ల నంబర్లు చూడండి, తాజా ఈసీ, అంటే ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ శాఖ పత్రం కూడా తీయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. చివరి విడత ఆపమన్నానని మీ ఇష్టానికి ఆపవద్దు. మీరు సంతకం చేసిన అమ్మకపు ఒప్పందంలో చెల్లింపుల పట్టిక ఉంటుంది, ఆలస్యమైతే మీరూ వడ్డీ కట్టాలన్న షరతు కూడా ఉంటుంది. పట్టికలో చివరి విడత ‘పొజెషన్ (స్వాధీనం) సమయంలో’ అని ఉంటే మీ పని సులువు; ఓసీ లేనిదే అది చట్టబద్ధమైన పొజెషన్ కాదని రాయవచ్చు. ‘ఫ్లోరింగ్ పూర్తయ్యాక’ వంటి దశకు ముడిపెట్టి ఉంటే, ఆ దశ నిజంగా పూర్తయితే ఆ సొమ్ము కట్టి, కనీసం చివరి 5 శాతం, మీ లెక్కలో 4 లక్షల 40 వేలు, ఓసీకీ తనిఖీకీ ముడిపెట్టమని లిఖితపూర్వకంగా కోరండి. అడిగితే ఒప్పుకునే బిల్డర్లు మీరు అనుకునేకన్నా ఎక్కువమందే ఉన్నారు. బ్యాంకు కూడా సాధారణంగా మీ విజ్ఞప్తి లేకుండా విడత విడుదల చేయదు, కాబట్టి ‘త్వరగా అవుతుంది’ అంటే ఖాళీ విజ్ఞప్తి పత్రాల మీద ముందే సంతకాలు పెట్టి ఇవ్వకండి.

ఆలస్యానికయ్యే ఖర్చును కూడా చూద్దాం, ఎందుకంటే మిమ్మల్ని తొందరపెడుతున్నది అదే. మూడు నెలల అద్దె 78 వేలు. మీ చేతిలో మిగిలి ఉన్న 15 శాతం 13 లక్షల 20 వేలు. ఆ సొమ్ము మీ దగ్గరున్నంత కాలం మీ ఫోను ఎత్తుతారు. తాళాలు ఇస్తామని ఒప్పందంలో రాసిన తేదీ దాటిపోయి ఉంటే, ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ అడిగే హక్కు రెరా చట్టం 18వ సెక్షన్ కింద మీకుంది. తొందరపడి తాళాలు తీసుకుంటే ఆ లెక్క అక్కడితో ఆగిపోయిందని బిల్డరు వాదించే వీలుంది.

డబ్బు గురించి మీరు అడగలేదు గానీ, 88 లక్షలతో ఇల్లు రాదు. ప్రస్తుతం తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షల 60 వేలు. నిర్మాణంలో ఉండగా కొన్నందుకు జీఎస్టీ 5 శాతం, అంటే 4 లక్షల 40 వేలు. ‘ఓసీ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు కదా’ అని మీ స్నేహితులు చెప్పే ఉంటారు. అది నిజమే, కానీ ఓసీకి ముందు ఒక్క రూపాయి కూడా చెల్లించనివారికే ఆ వెసులుబాటు. 50 లక్షలు దాటిన కొనుగోలు కాబట్టి 1 శాతం టీడీఎస్ మీరే మినహాయించి జమ చేయాలి, ఇద్దరి పేర్లా కొంటే ఇద్దరూ వేరువేరుగా. కార్పస్ ఫండ్ (భవనం ఉమ్మడి నిధి), రెండేళ్ళ ముందస్తు మెయింటెనెన్స్, పార్కింగ్ వంటివి ఒప్పందంలో ఉన్నంతవరకే కట్టండి. లేనివి అడిగితే ఏ క్లాజు కిందో చూపమనండి. రిజిస్ట్రేషన్ ఖర్చు గృహరుణంలో రాదు. 66 లక్షలకు 8.5 శాతం వడ్డీ చొప్పున ఇరవై ఏళ్ళకు వాయిదా నెలకు దాదాపు 57 వేలు. దీని మీద వంటింటి అల్మరాలకు మరో వ్యక్తిగత రుణం తీసుకోవడం నాకు నచ్చదు. మొదటి ఏడాది స్టీలు స్టాండ్లతో గడపండి, పోయేదేమీ లేదు.

1,480 అడుగులు అన్నారు. అది అమ్మకపు విస్తీర్ణం. మెట్లు, లిఫ్టు, కారిడార్లలో మీ వాటా కలిపి చెప్పే లెక్క. కార్పెట్ ఏరియా, అంటే బయటి గోడలూ బాల్కనీలూ తీసేసి లోపలి అడ్డుగోడలతో సహా మీరు వాడుకునే నేల, నేను టేపు పట్టి కొలిచిన ఇలాంటి ఫ్లాట్లలో వెయ్యి అడుగులకు కాస్త అటూ ఇటూగా వచ్చేది. ఒప్పందంలో రాసిన కార్పెట్ ఏరియాతో మీ ఇంటి కొలత సరిపోయిందో లేదో తనిఖీ రోజునే చూడండి.

తనిఖీ గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే దీన్ని మీరిద్దరే ఒక శనివారం, ఒక ఆదివారం కలిపి చాలావరకు చేసుకోవచ్చు. కావలసినవి: రెండు పాత గుడ్డలు, బకెట్టు, మగ్గు, పెన్సిలు, ఒక గోలీ, పది రూపాయల నాణెం, ఫోను ఛార్జరు.

శనివారం పొద్దున వెళ్ళగానే మొదటి పని స్నానాల గదులు. నహానీ ట్రాపులో, అంటే నీళ్ళు బయటికి పోయే నేల మీది రంధ్రంలో, గుడ్డ గట్టిగా కుక్కి, నేల మీద అంగుళం ఎత్తున నీళ్ళు నిలపండి. నీటిమట్టం దగ్గర టైలు మీద పెన్సిలుతో గీత గీయండి. ఇరవై నాలుగు గంటలు అలాగే వదిలేయండి. మరునాడు గీత కన్నా నీళ్ళు బాగా దిగిపోయి ఉంటే, లేదా కింది ఫ్లాటు బాత్రూము కప్పు మీద చెమ్మ ముద్ర కనబడితే, వాటర్‌ప్రూఫింగ్ చెడినట్టే. వాచ్‌మన్‌కు చెప్పి కింది ఇల్లు తెరిపించుకోండి. తాళాలు ఇవ్వకముందే ఇది తేలితే బిల్డరు టైల్స్ తీయించి మళ్ళీ చేయిస్తాడు. మీరు చేరాక తేలితే, కింద ఉండే కుటుంబంతో మీకు జీవితాంతం పంచాయితీ. నా సొంత ఫ్లాటులో పై ఇంటి నుంచి కారిన నీరు ఆపించడానికి మూడేళ్ళు పట్టింది; ఇంజినీరునైనా, పై ఇంటాయన సెలవు పెట్టి తలుపు తీసినప్పుడే కదా పని జరిగేది.

నీళ్ళు నిలిచి ఉండగానే మిగతా గదులు చూడండి. నాణెంతో ప్రతి టైలునూ మధ్యలో ఒకసారి, నాలుగు మూలలా నాలుగుసార్లు తట్టండి. గట్టి మోత వస్తే కింద సిమెంటు నిండుగా ఉంది, డొల్ల మోత వస్తే లేదు. మూలలో కాస్త డొల్ల వినిపిస్తే పట్టించుకోను. టైలు సగం డొల్ల అయితే మాత్రం దాని మీద కాగితపు టేపు అంటించండి. బాల్కనీలో, వంటింటి పక్క వాష్ ఏరియాలో మగ్గుడు నీళ్ళు పోసి, అవి ట్రాపు వైపు పోతున్నాయో తలుపు వైపు వస్తున్నాయో చూడండి. గోలీ అందుకే, నీళ్ళు లేని రోజున అది ఎటు దొర్లితే వాలు అటే.

కొత్త కట్టడాల్లో గోడల మీద వెంట్రుక వాసి పగుళ్ళు చూసి చాలామంది బెదిరిపోతారు. తేలిక ఇటుకల గోడ కాంక్రీటు స్తంభాన్ని కలిసేచోట నిలువుగా సన్నగా గీత పడితే అది ఎక్కువగా ప్లాస్టరింగు లోపం, అక్కడ ప్లాస్టరు కింద జాలీ (వల) వేయకపోవడం వల్ల వచ్చేది. కానీ దూలం మీదనో స్తంభం మీదనో పగులు ఉంటే, లేదా గోడ పగులు ఏటవాలుగా గోరు దూరేంత వెడల్పుగా ఉంటే, అక్కడ నాణెంతో పనిలేదు, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాలి.

ప్రతి ప్లగ్గులో ఛార్జరు పెట్టి చూడండి. స్విచ్ బోర్డు దగ్గర ఆర్‌సీసీబీ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపే స్విచ్) మీద పరీక్ష బటన్ నొక్కితే వెంటనే పడిపోవాలి. పడకపోతే అది పనిచేయడం లేదు, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది టైల్స్ కన్నా పెద్ద విషయం. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పి, అప్పుడు షవరు ధార చూడండి. వంటగట్టు సింకు నిండా నీళ్ళు పట్టి ఒక్కసారిగా వదిలి, కింద పైపు జాయింటు దగ్గర పొడి చేయి పెట్టి చూడండి. మియాపూర్ వైపు నేను ఆలస్యంగా వెళ్ళిన ఒక ఇంట్లో, పాలు పొంగించిన రోజు మధ్యాహ్నం బంధువులు చేతులు కడుగుతుంటే సింకు కింద నుంచి నీళ్ళు హాల్లోకి వచ్చాయి. జాయింటులో రబ్బరు వాషరు లేదు, అంతే. అప్పటికి అల్మరా అడుగు చెక్క ఉబ్బిపోయింది, బిల్డరేమో ‘పొజెషన్ లెటర్‌లో అంతా బాగుందని రాసిచ్చారు కదా’ అన్నాడు.

ఆ లెటరు సంగతి అందుకే చెబుతున్నాను. ‘ఇల్లు పూర్తి సంతృప్తికరంగా ఉంది, ఇకపై ఎలాంటి అభ్యంతరం లేదు’ అన్న వాక్యం దాదాపు ప్రతి పొజెషన్ లెటర్‌లోనూ ఉంటుంది. దాని పక్కనే ‘జతపరచిన లోపాల జాబితాకు లోబడి’ అని చేత్తో రాసి సంతకం పెట్టండి. జాబితాలో ప్రతి లోపానికీ ఫొటో, గది పేరు, సరిచేసే తేదీ ఉండాలి. పొజెషన్ తీసుకున్న నాటి నుంచి అయిదేళ్ళలోపు నిర్మాణ లోపం గానీ, పనితనం, నాణ్యత, సదుపాయాల లోపం గానీ బయటపడి మీరు తెలియజేస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని చట్టం 14వ సెక్షన్ చెబుతుంది. కనుక మాటలతో కాకుండా మెయిల్‌తో తెలియజేయండి. వాట్సాప్ గ్రూపులో సైట్ ఇంజినీరును తిట్టడం తెలియజేయడం కిందికి రాదు.

ఇంటి బయటి విషయానికి వస్తే, ఇప్పటికే 85 శాతం కట్టారు కాబట్టి స్థలం ఎంపిక గురించి మిమ్మల్ని ఆందోళన పెట్టను. అయినా ఒకటి చూసుకోండి: దగ్గరలో చెరువు గానీ నాలా గానీ ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు నిలిచే) హద్దు, దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ ఎంత దూరంలో ఉన్నాయో హెచ్‌ఎండీఏ చెరువుల పటాల్లో కనిపిస్తుంది. పది హెక్టార్లూ అంతకు మించిన చెరువుకు బఫర్ 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక ఈ హద్దుల గురించి అందరూ మాట్లాడుతున్నారు, నిబంధన మాత్రం ఎప్పటినుంచో ఉన్నదే. పటంతో పాటు, ఆ దారిలో పాత కిరాణా కొట్టాయన్ను 2020 అక్టోబరు వానల్లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయని అడగండి. నేను ప్రతిచోటా అడుగుతాను. చేత్తో గోడ మీద చూపిస్తారు. ఆ చూపించిన ఎత్తు మీ సెల్లార్ ర్యాంపు మొదలు కన్నా పైనుంటే, పంపులు ఎన్ని పెట్టారో, వాటికి జనరేటరు కనెక్షన్ ఉందో లేదో చూడాలి.

నీళ్ళ సంగతి కూడా. శివారుల్లో చాలా కాంప్లెక్సులు మొదటి కొన్నేళ్ళు బోర్లు, ట్యాంకర్ల మీదే నడుస్తాయి. ఓ సీసాడు బోరు నీళ్ళు పరీక్షకు ఇవ్వండి. తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే ఆధారం లేనప్పుడు 2,000 వరకు అనుమతిస్తారు. సాఫ్ట్‌నర్ ప్లాంటు పెడతామని బ్రోషర్‌లో ఉంటే, అది గదిగానే ఉందో యంత్రం కూడా ఉందో తలుపు తీయించి చూడండి.

ఇక ఇంట్లో పెద్దలకు ఏమి చెప్పాలన్నది. శ్రావణం దాటితే భాద్రపదం శూన్యమాసమని వారు తొందరపడటం సహజం. ఓసీ లేకుండా దిగితే కరెంటు మీటరు మన పేరు మీదకు రావడం కష్టమని, ఇల్లు ప్రభుత్వం దృష్టిలో ఇంకా పూర్తికాలేదని చెప్పండి; ‘పూర్తికాని ఇంట్లో గృహప్రవేశం చేయవచ్చా’ అని పురోహితుణ్ణే అడగమనండి. తలుపులూ పైకప్పూ లేని ఇంట్లో ప్రవేశం కూడదని శాస్త్రం చెప్పే ఆయనకు ఓసీ సంగతి అర్థం చేయించడం కష్టమేమీ కాదు. నేను చూసిన రెండు ఇళ్ళలో వారే కార్తీకానికి మార్చి ఇచ్చారు.

ఈ రోజే బిల్డరు ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టండి: ఓసీ దరఖాస్తు సంఖ్య, తేదీ, రసీదు; మీ ఫ్లాటు తనఖాలో లేదని ధ్రువీకరణ; తనిఖీకి వరసగా రెండు రోజులు ఇంటి తాళం. వచ్చిన జవాబుతో పాటు ఒప్పందంలో చెల్లింపుల పట్టిక ఉన్న పేజీని పేర్లు కొట్టివేసి ఇక్కడ పెడితే, చివరి విడతను దేనికి ముడిపెట్టమని అడగాలో చూసి చెబుతాను.